వేట మానేసిన ఇంట్లో వేటకుక్క

గణపవరం నుంచి పడమరగా నిడమర్రు మీదుగా వెళితే కొల్లేరు. ఉత్తరంగా వెళ్లి తాడేపల్లిగూడెం దాటితే నేల ఎర్రబడుతుంది, కాలవలు తగ్గిపోతాయి, జీడిమామిడి తోటలు మొదలవుతాయి. అది మెట్ట. ఇంట్లో జంటగొట్టాల తుపాకీ ఉన్న పాతకాలపు కుటుంబాలకు ఈ రెండు దిక్కులూ రెండు రకాల వేట. కొల్లేటి మీదికి పడవేసుకుని వెళ్లి, చలికాలంలో దిగిన సూదితోక బాతుల కోసం కాచుకునేవారు. మెట్టకు మాత్రం కుక్కను వెంటబెట్టుకుని వెళ్లేవారు. కౌజు పిట్ట, పూరేడు పిట్ట మనిషి అలికిడికి ఒక పట్టాన ఎగరవు. తుప్పలో నక్కి, కాలు మీద పడబోయేదాకా కదలవు. వాటి జాడ చెప్పగలిగింది కుక్క ముక్కే. సార్వా కోతలయ్యాక మొదలైన ఈ తిరుగుడు శివరాత్రి నాటికి సద్దుమణిగేది. ఎండ ముదిరితే నేల మీద వాసన నిలవదు, కుక్క నాలుక బయటికి వచ్చేస్తుంది, పిట్టలు గుడ్ల పనిలో పడతాయి.

ఆ వేట ఇప్పుడు లేదు. ఉండకూడదు కూడా. అయినా ఈ పుస్తకంలో దానికొక అధ్యాయం కేటాయించడానికి కారణం ఉంది. బాగా చేతనైన పని ఒకటి, మనం ప్రాణం పెట్టి చేసిన పని ఒకటి, ఇక చేయడానికి వీల్లేకుండా పోయినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న ఏదో ఒక రోజు అందరి గుమ్మంలోకీ వస్తుంది. పదవీ విరమణ చేసిన మేస్టారికి వస్తుంది. మోకాళ్లు పోయిన కబడ్డీ ఆటగాడికి వస్తుంది. చెరువులు పోయిన రైతుకీ వస్తుంది. ఇందులో వేటకుక్క కంటే మంచి గురువు నాకు కనపడలేదు. మనిషి తన బాధకు సర్దిచెప్పుకోగలడు, పైకి నవ్వగలడు. కుక్కకు ఆ విద్య రాదు. దాని అవస్థ అంతా బయటికే కనపడుతుంది కాబట్టి మనకు పాఠం సులువవుతుంది.

ముందు ఆ వేట కాలం ఎలా ముగిసిందో చూద్దాం. వేటకు ఒక కాలం, విరామానికి ఒక కాలం అని కాగితం మీద గీత గీసింది 1912 నాటి అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం. ఫలానా నెలల్లో ఫలానా పక్షిని చంపకూడదని ప్రకటించే అధికారం అది ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చింది. తర్వాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అప్పుడు కూడా తలుపు పూర్తిగా మూతపడలేదు. లైసెన్సు తీసుకుని చిన్న పిట్టల్ని వేటాడే వెసులుబాటు అందులో మిగిలింది. 1991 సవరణ ఆ లైసెన్సులను కూడా తీసేసింది. అంటే మన దేశంలో ఏటా శివరాత్రికి ముగుస్తూ వచ్చిన కాలం, ఆ ఏటితో శాశ్వతంగా ముగిసింది.

ఇది సరైన ముగింపే అని చెప్పడానికి నాకు ఏ మొహమాటమూ లేదు. 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని కనిపెట్టినప్పుడు అక్కడ దాదాపు 3,000 పక్షులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం లేనే లేదు. ముప్పై ఏళ్లలో ఒక ఊరంత పక్షులు మాయమయ్యాయన్నమాట. 1999లో కొల్లేటిలో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించాక, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరాక, ఇవాళ కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుకుంటున్నాయి. చెట్లు పోయిన చోట ఇనుము మీద గూడు కట్టుకోవలసి వచ్చిన పక్షుల్ని చూశాక, మళ్లీ తుపాకీ కాలం రావాలని కోరుకునే మనసు నాకైతే లేదు.

చట్టం వచ్చినంత మాత్రాన కుక్క ముక్కు ఆగిపోతుందా? దాన్ని పుట్టించిందే అందుకు. పాయింటర్ జాతి కుక్కను తరతరాలుగా ఏరి ఏరి పెంచింది వాసన పట్టి, నిలబడి, దారి చూపడానికి. ఆ పని తీసేసి పెరట్లో గొలుసు వేస్తే ఏమవుతుందో మా ఊళ్లో ఒక పెద్దాయన ఇంట్లో చూశాను.

లైసెన్సు ఇక రాదని తేలిన ఏడాది ఆయన తుపాకీ అప్పజెప్పేశారు. కుక్క పేరు రాణి. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు. తెల్లవారుజామున, వెనకటి రోజుల్లో బయల్దేరే వేళకి, తుపాకీ ఉండే గది గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చునేది. తలుపు కేసి, ఆయన చెప్పుల కేసి మార్చి మార్చి చూసేది. ఆ పక్కకే రావొద్దని గొలుసు వేశారు. గొలుసు వేశాక కూడు మానేసింది. పది రోజులకి గేటు కింద మన్ను తవ్వి బయటపడి, పక్కింటివాళ్లు సంక్రాంతి కోసం బాదం పప్పు పెట్టి పెంచుకుంటున్న పుంజును పట్టేసింది. మా వైపు పందెం పుంజును పోగొట్టుకున్న ఇంటితో సంధి ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఎవరికైనా ఇచ్చేయమని ఇంట్లోవాళ్లు, మెట్ట మీదికి చాటుగా తీసుకెళ్లి నాలుగు కౌజులు కొట్టించుకొస్తే అదే సర్దుకుంటుందని స్నేహితులు. ఆయన రెండూ వినలేదు. చచ్చిన ఆ పుంజు ఈకల్ని పాత సాక్సులో కుక్కి, నోరు కుట్టేసి, పెరట్లో గడ్డిమేటు వెనక దాచారు. కుక్కను వదిలి, తను ఇరవై అడుగులు వెనకే ఉండిపోయారు.

రాణి ముందు ఊరికే గుండ్రంగా తిరిగింది. గాలి మేటు మీంచి ఇటు తిరిగింది. అంతే, సగం అడుగులో ఆగిపోయింది. ముందు కాలు ఒకటి పైకి మడిచి, తోక కర్రలా చాచి, మెడ కిందికి దించి. ముక్కు పుటాలు తప్ప ఒంట్లో ఏ వెంట్రుకా కదలడం లేదు. నోటి చివర చొంగ బొట్టు ఒకటి వేలాడుతోంది, అది కూడా పడలేదు. ఆయన మెల్లగా వెళ్లి, దాని భుజం మీద చెయ్యి వేసి, "ఆగు" అన్నారు. ఆగింది. చెప్పేదాకా ఆగింది. తర్వాత ఆ సాక్సు మూటను తెచ్చి ఆయన చేతిలో పెట్టి, ఆ పూట అన్నం తింది.

"నాకు కావలసిందీ ఇదేరా అబ్బాయ్," అన్నారాయన నాతో. "అది నిలబడ్డ ఆ నిమిషమే వేట. తూటా పేలాక మిగిలిందంతా చాకిరీయే. ఏరుకోవడం, ఈకలు పీకడం, ఇంటికి మోసుకురావడం."

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలో ఉంది. కుక్క చేసే వేటను విడదీసి చూడండి. వెతకడం, వాసన పట్టడం, మెల్లగా దగ్గరికి జరగడం, నిలబడటం, తరమడం, పట్టడం, తెచ్చి ఇవ్వడం. ఇందులో చట్టం నిషేధించేవి ఏవి? అడవి పిట్టను తరమడం, పట్టడం. మిగతావాటికి అడవి పిట్టే ఉండాలని లేదు, కుక్కకు ఎక్కువ సుఖం ఉన్నదీ వాటిలోనే. మన పని కూడా ఇంతే. ముగిసిపోయిందని మనం ఏడ్చే కాలంలో నిజంగా ముగిసింది తరచూ చిన్న ముక్క. పెద్ద ముక్క మన దగ్గరే ఉంటుంది, దాన్ని గుర్తుపట్టం.

కాబట్టి ఒక పని చేయండి. మీ మంచి కాలంలోని ఒక మామూలు రోజును గంట గంటకీ కాగితం మీద రాయండి. ఘనమైన రోజు వద్దు, సన్మానాల రోజు అసలే వద్దు. ఎన్నింటికి లేచారు, ఎవరితో మాట్లాడారు, చేతులు ఏం చేశాయి, ఏ నిమిషంలో ఒళ్లు మరిచారు. తర్వాత, ఇప్పుడు చేయడానికి వీల్లేనివాటి మీద గీత కొట్టండి. నిజంగా వీల్లేనివాటి మీదే, చేయాలంటే సిగ్గుపడేవాటి మీద కాదు. రిటైరైన మేస్టారి కాగితం మీద హాజరు పట్టీ, జీతం, స్టాఫ్ రూము కొట్టుడుపోతాయి. అర్థం కాని పిల్లవాడి మొహంలో లెక్క వెలిగిన క్షణం అలాగే ఉంటుంది. దానికి బడి గంట అక్కర్లేదు, పక్కవీధిలో ఒక పదో తరగతి పిల్లవాడు చాలు. కొందరికి ఈ కాగితం చేదుగా ఉంటుంది. తాము ప్రేమించింది పనిని కాదని, పదిమంది లేచి నిలబడటాన్ని అని తేలుతుంది. అలా తేలినా మంచిదే. లేనిదాని కోసం వెతుకులాట తప్పుతుంది.

పాత నైపుణ్యానికి కొత్త పని దొరికితే ఎంత దూరం వెళుతుందో మన రాష్ట్రంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. కలివి కోడి అనే పక్షిని 1848 ప్రాంతంలో థామస్ జెర్డాన్ లోకానికి పరిచయం చేశాడు. 1900లో చివరిసారి కనిపించింది. ఆ తర్వాత ఎనభై ఆరేళ్లు జాడ లేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాలో ఊరూరా తిరిగి పక్షి బొమ్మ చూపిస్తూ అడిగాడు. 1986 జనవరిలో ఒక రాత్రి, లంకమల అడవి అంచున రెడ్డిపల్లి దగ్గర, ఐతన్న అనే పిట్టల వేటగాడు టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్న పక్షి ఎక్కువ రోజులు బతకలేదు, ఆ బాధ ఆ కథలో ఉంది. కానీ ఆ జాతి బతికే ఉందని ప్రపంచానికి తెలిసింది ఆ చేతుల వల్లే. తర్వాత అక్కడ అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా ఆ పక్షి కోసం మార్చవలసి వచ్చింది. రాత్రిపూట ముళ్లపొదల మధ్య ఏ పిట్ట ఎక్కడ తిరుగుతుందో ఐతన్నకు తెలిసింది పొట్ట కోసం. ఆ తెలివి లేకపోతే శాస్త్రం ఇంకెన్నేళ్లు చీకట్లో వెతికేదో!

కుక్కల సంగతికి వస్తే, న్యూజిలాండ్‌లో రిచర్డ్ హెన్రీ 1894 నుంచి రిజల్యూషన్ దీవి మీద చేసిన పని ఉంది. ఎగరలేని కకాపో చిలకలు, కివీలు పరాయి జంతువుల నోట పడి నశిస్తుంటే, వాటిని వెతికి పట్టి దీవి మీదికి చేర్చే ఉద్యోగం ఆయనది. వెతకడానికి కుక్కను వాడాడు, దాని మూతికి చిక్కం కట్టాడు. పక్షులను పట్టే ముక్కే పక్షులను కాపాడింది, కరవడానికి మాత్రం వీలు లేదు. కొన్ని వందల పక్షులను అలా తరలించాడు. 1900 నాటికి స్టోట్ అనే ముంగిసలాంటి జంతువు ఆ దీవికీ ఈదుకుంటూ వచ్చేయడంతో ఆయన శ్రమ చాలావరకు వృథా అయింది. అయినా అక్కడ మొదలైన పద్ధతి పోలేదు, ఇవాళ ఆ దేశంలో పక్షుల సంరక్షణకు శిక్షణ పొందిన కుక్కలు పనిచేస్తున్నాయి. మన దేశంలోనూ, వన్యప్రాణుల అక్రమ వ్యాపారంపై నిఘా పెట్టే ట్రాఫిక్ సంస్థ 2008లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద, గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్ లాంటి శిక్షణ కేంద్రాల్లో తర్ఫీదైన కుక్కలు పులి చర్మాలు, దంతాలు దాచినచోట్లు పట్టిస్తున్నాయి.

ఇక మీ ఇంట్లో అలాంటి కుక్క ఉంటే ఏం చేయాలో చెబుతాను. ఈ భాగం కుక్క లేనివారు కూడా చదవండి, తమకు కావలసింది తీసుకోండి.

ఒక్కసారిగా ఆపకండి. రోజూ పొద్దున గంటన్నర పరుగెత్తిన ఒంటిని మర్నాడే గొలుసుకు కడితే అది పిచ్చెత్తిపోతుంది, మనిషైనా అంతే. నెలా నెలన్నర పాటు నడక మెల్లగా తగ్గించండి, తిండి కూడా దానికి తగ్గట్టు తగ్గించండి. పని తగ్గి తిండి తగ్గకపోతే వేసవికల్లా కుక్క నడుం కనపడదు. తిరిగి వచ్చిన ప్రతిసారీ అరికాళ్లు తిప్పి చూడండి. మెట్ట ముళ్లు వేళ్ల సందుల్లో విరిగి, పైకి కనపడకుండా చీము పడతాయి. చెవుల లోపల, మెడ పట్టీ కింద, తొడల సందుల్లో గోమార్లు వెతకండి. మనవైపు ఎండాకాలంలో వాటి వల్ల వచ్చే జ్వరం కుక్కల్ని నిలువునా తీసేస్తుంది. తిండి మానేసి నీరసపడినా, ముక్కులోంచి రక్తం కనపడినా, నాటువైద్యం పెట్టుకోకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఏటా వేయించే పిచ్చికుక్క వ్యాధి టీకా మరవకండి. ఏప్రిల్, మే నెలల్లో తారు రోడ్డు మీద మీ అరచేతి వెనకభాగం ఆనించి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే అదీ ఓర్చుకోలేదు.

ముక్కుకు పని ఇవ్వండి. మొదట పెరట్లో, తర్వాత పశువుల పాకలో, తర్వాత కోత కోసిన సొంత చేలో. కోడి ఈకల మూట చాలు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని దాచండి, కుక్కను గాలికి ఎదురుగా వదలండి. దొరికిన వెంటనే మెచ్చుకోకండి, అది నిలబడినప్పుడు మెచ్చుకోండి. మీరు దేన్ని మెచ్చుకుంటే అది పెరుగుతుంది. పట్టినందుకు మెచ్చుకుంటే పట్టడం, ఆగినందుకు మెచ్చుకుంటే ఆగడం. బోనులో కౌజును పెట్టి నేర్పించే పాత పద్ధతి జోలికి పోవద్దు. ఆ పిట్టను పట్టి ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే, పిట్టకు నరకమే.

మార్చి దాటాక వానలు వెనకబట్టేదాకా చేలల్లో, గట్ల మీద కుక్కను గొలుసు లేకుండా తిప్పకండి. అది కౌజులు, తీతువులు నేల మీద గుడ్లు పెట్టే కాలం. తీతువు గుడ్డు మట్టిబెడ్డల్లో కలిసిపోతుంది, మీ కంటికి ఆనదు, కుక్క ముక్కుకు ఆనుతుంది. గూడు మీంచి రెండుసార్లు బెదిరి లేచిన పక్షి మూడోసారి తిరిగి రాకపోవచ్చు. వేటగాడు కూడా గౌరవించిన నెలలివి, వేట మానేసిన మనం ఇంకొంచెం ఎక్కువే గౌరవించాలి. కొల్లేరు అభయారణ్యంలోకి మాత్రం ఏ నెలలోనూ కుక్కను తీసుకెళ్లొద్దు.

కొల్లేటికి మీరొక్కరే వెళ్లండి. అక్టోబరు నుంచి వలస పక్షులు దిగుతాయి. ఒకప్పుడు బాతు రెక్క ఊపు చూసి, మసక వెలుతురులో, అది ఏ జాతో చెప్పగలిగిన కన్ను మీది అయితే, ఆ కన్ను ఇప్పుడు చాలా అవసరం. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. స్వచ్ఛందంగా వచ్చిన మనుషులు చెరువుల దగ్గర నిలబడి పక్షుల్ని జాతులవారీగా లెక్కపెడతారు. వెయ్యి బాతుల గుంపును చూపుతోనే అంచనా కట్టడం పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. దూరం, గాలి, గుంపు మందం తెలిసిన పాత వేటగాడికి అది వెన్నతో పెట్టిన విద్య. కుర్రాళ్ల దగ్గర ఫోన్లలో పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ ఉంటుంది, వాళ్లు రాసుకుంటారు, మీరు చెప్పండి. మీ కన్నూ వాళ్ల చెయ్యీ కలిస్తే కొల్లేటికి మేలు.

చాటుమాటు పిట్ట మాంసం గురించి ఒక్క మాట. ఇప్పటికీ వల వేసో, ఉచ్చు పెట్టో పట్టినవాటిని తెలిసినవాళ్లకు అమ్మేవాళ్లు ఉన్నారు. "మనం చంపలేదుగా, కొన్నాం అంతే" అనే పెద్దమనుషులూ ఉన్నారు. ముగిసిన కాలాన్ని దొడ్డిదారిన బతికించుకోవడం అంటే ఇదే. అది చేసినన్నాళ్లూ కొత్త పని మీద మనసు నిలవదు. పైగా చట్టం దృష్టిలో కొనడం కూడా నేరమే. ఎవరైనా తెచ్చి ఇస్తే మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

చివరగా, ముచ్చటపడి పాయింటర్ పిల్లనో, ముధోల్ పిల్లనో, రాజపాళయం పిల్లనో కొనాలనుకుంటున్న కుర్రాళ్లకు. వీడియోలో దాని పరుగు చూసి డబ్బు కట్టేయకండి. దాని తల్లినీ తండ్రినీ చూడండి, అవి రోజంతా ఏం చేస్తున్నాయో చూడండి. తర్వాత మీ రోజును చూసుకోండి. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట, వానొచ్చినా పెళ్లున్నా దానికి ఇవ్వగలిగితే తెచ్చుకోండి. ఇవ్వలేకపోతే, మీ వీధిలో పుట్టిన నాటుకుక్క పిల్లను ఒకదాన్ని తెచ్చుకుని టీకాలు వేయించి పెంచండి. దాని ముక్కూ తక్కువదేం కాదు, ఈకల మూట దాచి చూడండి.